వలందపాలెం నుంచి లైడెన్ దాకా: వియ్యాలవారిళ్ళలో మూడు రోజులు

(మచిలీపట్నంలో ఒక సాయంత్రం సమావేశంలో విశ్రాంత ఉపాధ్యాయిని ఒకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, కాస్త గొంతు పెంచుతాను.

మీలో వలందపాలెం వాళ్ళు ఎంతమంది? ఆ, చాలామందే ఉన్నారు. పరాసుపేట అంటే పరాసులు, అంటే ఫ్రెంచివాళ్ళు ఉన్న పేట. ఇంగ్లీషుపాలెం సంగతి చెప్పక్కర్లేదు. మరి వలందపాలెం? వలందులంటే హాలండు వాళ్ళు. హాలండా అన్న మాట మన నోట పడి వలందా అయింది. 1605లో వాళ్ళ ఓడ మన రేవుకి వచ్చింది. దేనికోసం? బట్టల కోసం. మన అద్దకం బట్టల కోసం. వాళ్ళ సమాధులు ఇప్పటికీ మన ఊళ్ళో ఉన్నాయి. ఏటా పిల్లల్ని తీసుకెళ్ళి ఆ రాళ్ళమీద అక్షరాలు చూపించేదాన్ని. "టీచర్, వీళ్ళు ఇంట్లో ఏం తినేవాళ్ళు?" అని ఒక పిల్ల అడిగింది ఒకసారి. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న మాత్రం నాలో ఉండిపోయింది.

ఇప్పుడు జవాబు కొంత తెలిసింది. ఎందుకంటే నేను వాళ్ళ దేశం వెళ్ళాను, వియ్యాలవారింటికి వెళ్ళాను. మా అబ్బాయి లైడెన్‌లో చదువుకుని, అక్కడే ఉద్యోగంలో చేరి, అక్కడి అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు. ఆ సంగతి మీకందరికీ తెలుసు, చాలామంది ఇక్కడ రిసెప్షన్‌కి వచ్చారు కూడా.

ఇవాళ నేను చెప్పేది మూడు రోజుల సంగతి. 2025 అక్టోబరు 3, 4, 5. శుక్ర, శని, ఆదివారాలు. అంతకుముందు రోజు గురువారం మన విజయదశమి. ఇంట్లో పూజ చేసుకున్నాం, పులిహోర చేశాను. సాయంత్రం వీధిలోంచి బ్యాండు మోత వినపడింది. కిటికీ తీస్తే జనం బారులు తీరి వాయించుకుంటూ వెళ్తున్నారు. "మన దసరాకి వీళ్ళకెందుకమ్మా ఇంత హడావుడి?" అన్నాను. మా కోడలు నవ్వి, "అత్తయ్యా, రేపు మా పండగ" అంది. తెలుగులోనే అంది. అత్తయ్యా అన్న పిలుపు మాత్రం చాలా చక్కగా పలుకుతుంది.

ఏమిటా పండగ? అక్టోబరు 3 లైడెన్ ఊరికి విముక్తి దినం. దేశమంతటికీ కాదు, ఆ ఒక్క ఊరికి. ఆ రోజు అక్కడ బడులు ఉండవు. ఆదివారం పడితే పండగని సోమవారానికి జరుపుతారు. 1574 నుంచి వస్తున్న సంగతి ఇది.

కాస్త చరిత్ర చెప్పాలి, ఓపిక పట్టండి. లేకపోతే తిండి సంగతి అర్థం కాదు. అప్పట్లో ఆ దేశం స్పెయిన్ రాజు కింద ఉండేది. తిరగబడ్డారు. 1573 అక్టోబరులో స్పెయిన్ సైన్యం లైడెన్‌ని చుట్టుముట్టింది. మధ్యలో, 1574 వసంతంలో, ఆ సైన్యం వేరే యుద్ధానికి వెళ్ళిపోయింది. ఊపిరి పీల్చుకోవడానికి రెండు నెలలు దొరికాయి. ఆ రెండు నెలల్లో ఏం చెయ్యాలి? గాదెలు నింపుకోవాలి కదా? నింపుకోలేదు. మళ్ళీ రారనుకున్నారు. మే నెలాఖరుకి వచ్చారు. ఈసారి ఊరి చుట్టూ చీమ కూడా దూరకుండా కూర్చున్నారు. ఊళ్ళో తిండి అయిపోయింది. ఆకలికీ ప్లేగుకీ వేలమంది చనిపోయారు. జనం వచ్చి లొంగిపోదామని గోల పెడితే, ఊరి పెద్ద వాన్ డెర్ వెర్ఫ్ తన చెయ్యి చాపి "కావాలంటే నన్ను తినండి, ఊరు మాత్రం అప్పగించను" అన్నాడని కథగా చెప్పుకుంటారు. ఆయన పేరుమీద అక్కడ పార్కు ఉంది, విగ్రహం ఉంది.

ఊరు ఎలా బతికిందో తెలుసా? నీళ్ళతో. బందరు వాళ్ళం మనం, ఈ మాట మనకి అంత తేలిగ్గా మింగుడు పడదు. 1864 ఉప్పెన మన తాతల తాతలు చెప్పిన కథ. 1977 నవంబరు 19 మనం కళ్ళారా చూసినది. నాకప్పుడు పదిహేడేళ్ళు. దివిసీమ నుంచి వచ్చినవాళ్ళకి మా అమ్మ గుండిగలతో గంజి కాచింది. నీరంటే మనకి మృత్యువు. అక్కడ ఏం చేశారంటే, నీటిని ఆపే గట్లని వాళ్ళ చేతులతో వాళ్ళే తెగ్గొట్టారు. సొంత పొలాలు ముంచుకున్నారు. ఆ నీళ్ళమీద అడుగు చదునుగా ఉండే పడవలు నడిపి ఊరికి చేరాలని. కానీ నీరు చాల్లేదు. వారాలు గడిచినా పడవలు కదల్లేదు. చివరికి గాలి దిశ మారి సముద్రం నీరు లోపలికి తోసుకొచ్చింది. అక్టోబరు 2 రాత్రి కోటగోడ కొంత పెద్ద చప్పుడుతో కూలిందట. ఆ చీకట్లో ఆ నీళ్ళ మధ్య స్పెయిన్ సైన్యం భయపడి డేరాలు వదిలేసి పోయింది. తెల్లారేసరికి పడవలు ఊళ్ళోకి వచ్చాయి.

ఆ పడవల్లో ఏం వచ్చింది? తెల్ల రొట్టె, ఉప్పు చేప. హారింగ్ అంటారు ఆ చేపని. అంతే. ఊరంతా ఏడుస్తూ తిన్నది అదే. 450 ఏళ్ళు దాటింది. ఇప్పటికీ అక్టోబరు 3 పొద్దున్న ఆ ఊళ్ళో పాత తూకాల భవనం దగ్గర, వాఖ్ అంటారు దాన్ని, జనం వరసలో నిలబడి అదే చేప, అదే తెల్ల రొట్టె పుచ్చుకుంటారు.

నేనూ నిలబడ్డాను. మా వియ్యంకుడు గారు, వియ్యపురాలు, అబ్బాయి, కోడలు, నేను. చలి. ముందున్న ముసలాయన ఒకాయన మనవణ్ణి భుజాన ఎక్కించుకుని కథంతా చెబుతున్నాడు. కోడలు నా చెవిలో తెలుగు చేసి చెబుతోంది. మన దగ్గర ప్రసాదానికి నిలబడ్డట్టే ఉందనిపించింది నాకు. ఎవరూ తోసుకోలేదు. అక్కడ రొట్టె కొనలేక వచ్చినవాడు ఎవడూ లేడు. అయినా చేతిలోకి తీసుకునేటప్పుడు ఆ మొహాలు చూడాలి.

చేప సంగతి అడుగుతారని తెలుసు. పచ్చిదా? నిప్పుమీద పెట్టరు. అంతమాత్రాన మనం అనుకునే పచ్చి చేప కాదు. పడవమీదే చేప మొప్పలూ లోపలి పేగులూ చిన్న కత్తితో తీసేస్తారు. కాలేయం పక్కనున్న ఒక గ్రంథిని మాత్రం వదిలేస్తారు. అందులోంచి వచ్చే రసాలే ఉప్పుతో కలిసి ఆ చేపని మెత్తగా పండబెడతాయి. ఇప్పుడైతే పురుగు చావడానికి ముందు గడ్డకట్టించాలని కూడా నియమం ఉంది. పైన తరిగిన ఉల్లిపాయ చల్లుకుంటారు. నోట్లో పెట్టుకుంటే వెన్నలా ఉంది, సన్నగా ఉప్పు తగిలింది. ఉప్పుచేప, పప్పుచారు తిని పెరిగిన ప్రాణం నాది. నాకు పరాయిగా అనిపించలేదు.

అసలు కబురు సాయంత్రానిది. వియ్యాలవారింట్లో భోజనం. మన దగ్గర వియ్యాలవారొస్తే ఏం చేస్తాం? వారం రోజుల ముందు నుంచి పిండివంటలు. విస్తట్లో ఖాళీ కనపడకూడదు. వద్దంటున్నా వడ్డించాలి, వడ్డిస్తుంటే వద్దనాలి. అక్కడ? పది రోజుల ముందు మా వియ్యపురాలు ఫోను చేశారు. మా అమ్మాయి, అదే, కోడలు అడుగుతోంది నన్ను: "అత్తయ్యా, అమ్మ అడుగుతోంది, మీరు దుంపలు ఎన్ని తింటారు? రెండా, మూడా?"

నిజం చెప్తున్నాను, నా మనసు చివుక్కుమంది. దుంపలు లెక్కపెట్టి వండుతారా? పెళ్ళయ్యాక మొదటిసారి ఇంటికొస్తున్న మనిషికి? ఆ రాత్రి మా అబ్బాయితో కూడా అన్నాను. వాడు "అమ్మా, వెళ్ళి చూడు" అన్నాడు, అంతే.

ఆరింటికి భోజనం అన్నారు. ఆరంటే ఆరే. ఐదున్నరకి వెళ్ళాం. బల్లమీద ఒక పెద్ద గిన్నె, ఒక చిన్న గిన్నె. వాటిలో ఉన్నదాని పేరు హుట్స్‌పోట్. క్యారెట్టు, బంగాళాదుంప, ఉల్లిపాయ కలిపి ఉడకబెట్టి మెదిపి వెన్న కలిపిన ముద్ద. అక్టోబరు 3న లైడెన్‌లో ప్రతి ఇంట్లో ఇదే. మామూలుగా దాంతో ఎద్దుమాంసం పెడతారు. నేను తిననని మా కోడలు చెప్పింది కాబట్టి, ఆవిడ మాంసం వేరే కుంపటిమీద వేరే పాత్రలో వండి, గరిటె కూడా వేరే పెట్టారు. నా గిన్నె దగ్గర చిన్న కాగితం అంటించారు, పేరు రాసి. తెలుగులో రాశారు. కూతురి దగ్గర నేర్చుకుని నాలుగు రోజులు దిద్దారట.

దుంపలు ఎందుకు లెక్కపెట్టారో అప్పుడు తెలిసింది. ఆ ఇంట్లో ఒక్క మెతుకు పారెయ్యరు. పారెయ్యకూడదంటే తినేవాళ్ళ ఆకలి ముందే తెలుసుకోవాలి. తెలుసుకోవాలంటే అడగాలి. నన్ను గురించి పది రోజుల ముందు నుంచి ఆలోచించారన్నమాట. నా అలవాటు ప్రకారం అది తక్కువ చెయ్యడం. వాళ్ళ లెక్కలో అది మర్యాద. ఈ ఒక్క సంగతి పిల్లల్ని పరాయి దేశాల్లో ఇచ్చుకున్న తల్లులందరికీ చెప్పాలనే నేనివాళ ఒప్పుకుని వచ్చాను.

ఈ హుట్స్‌పోట్‌కీ ఒక కథ ఉంది. స్పెయిన్ సైన్యం పారిపోయిందో లేదో చూడ్డానికి కోర్నెలిస్ అనే అనాథ కుర్రాడు గోడ దాటి లామెన్‌స్ఖాన్స్ అనే శిబిరానికి వెళ్ళాడట. అక్కడ ఎవరూ లేరు. పొయ్యిమీద ఒక పాత్ర మాత్రం ఉంది, అందులో కూర ఉంది. ఆ పాత్ర ఇదేనని ఇప్పటికీ లైడెన్‌లో డె లాకెన్‌హాల్ మ్యూజియంలో పెట్టి చూపిస్తారు. వెళ్ళి చూశాను. మన ఇళ్ళలో అటకమీద ఉండే పాత గిన్నెలాంటిదే. దాన్ని చూడ్డానికి పిల్లలు బారులు తీరారు. అప్పటి కూరలో బంగాళాదుంప లేదు, అప్పటికింకా ఆ దేశం వంటల్లోకి రాలేదు. దుంపకి బదులు పాస్నిప్ అనే తెల్ల ముల్లంగి లాంటిది వేసేవాళ్ళు.

తింటున్నప్పుడు మా వియ్యంకుడు గారు పక్కనే ఆవపిండి పెట్టుకున్నారు. అక్కడ ఈ ముద్దలోకి ఆవపిండి నంజుకుంటారు. నా సంచిలో ఆవకాయ సీసా ఉంది. తియ్యనా వద్దా అని ఆలోచించాను. తీశాను. ఆయన వేలితో అద్దుకుని నాలుకమీద పెట్టుకుని, "ఇదీ ఆవపిండే కదా!" అన్నారు. కళ్ళనీళ్ళొచ్చాయి ఆయనకి, కారానికి. మళ్ళీ వేసుకున్నారు. ఆ తర్వాత రెండు గంటలు ఆయన నన్ను 1977 గురించి అడిగారు. ఎంత ఎత్తు వచ్చింది, ఎన్ని ఊళ్ళు పోయాయి, తర్వాత కట్టలు కట్టారా లేదా. పది వేలకు పైగా చనిపోయారు అని చెప్పాను. ఆయన 1953 ఫిబ్రవరి 1 గురించి చెప్పారు. ఆ రాత్రి సముద్రం గట్లు తెంచుకుని వచ్చి ఆ దేశంలో 1836 మంది పోయారు. ఆ తర్వాత వాళ్ళు సముద్రానికి అడ్డంగా ఆనకట్టలు కట్టుకున్నారు. నీటి గురించి అంత లోతుగా, అంత శ్రద్ధగా అడిగిన మనిషిని నేను బందరు బయట చూడలేదు.

శనివారం సంగతి త్వరగా చెప్తాను. మా కోడలి పెదనాన్న కూతురికి పాప పుట్టింది. చూడ్డానికి వెళ్ళాం. రెండింటి నుంచి నాలుగింటి వరకు అని ముందే చెప్పారు. బాలింత కదా, అలిసిపోతుంది. గుండ్రటి రస్కుమీద వెన్న రాసి, దానిమీద గులాబీ రంగు, తెల్ల రంగు పంచదార గింజలు చల్లి చేతికిచ్చారు. కొరికితే లోపల సోంపు! మన పెళ్ళిళ్ళలో పంచే సోంపు మిఠాయే. బాలింతకి పాలు పడతాయని సోంపు పెడతారట. మన బాలింత కాయం గుర్తొచ్చింది. ఆ గింజకి తోకలా ఉంటుందని దాని పేరు చిట్టెలుకలు, మౌషెస్ అంటారు. మగపిల్లాడైతే నీలం రంగువి, అవి వచ్చింది 1994లోనట. పాప చేతిలో వంద రూపాయల నోటు పెట్టాను. అదేమిటని అడిగారు. చెప్పాను. ఆ నోటుని పాప మొదటి ఆల్బంలో అంటించారు.

ఇంక ఆదివారం. అమ్మమ్మ దగ్గరికి. ఓమా అంటారు. మా వియ్యపురాలి తల్లి. 89 ఏళ్ళు, హేగ్‌లో ఒక్కరే ఉంటారు. పదిన్నరకి కాఫీ. కాఫీతో ఒక బిస్కెట్. డబ్బా తెరిచి, తలా ఒకటి ఇచ్చి, మూత పెట్టి, బీరువాలో పెట్టేస్తారు. మధ్యాహ్నం రొట్టె, జున్ను. మనం జున్నంటే వేరు, అది చీజు. లైడెన్ చీజులో జీలకర్ర వేస్తారు. అవునమ్మా, జీలకర్రే. ఆ వాసనకి నాకు ఇంట్లో ఉన్నట్టయింది.

ఓమా తిని, పళ్ళెంలో రాలిన రొట్టె పొడిని వేలు తడి చేసుకుని ఒక్కొక్కటీ అద్ది తిన్నారు. నేను చూస్తున్నానని గమనించారు. "చిన్నప్పుడు అలవాటు" అన్నారు. అప్పుడు చెప్పారు. కోడలు తెలుగు చేస్తోంది, మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది. తనూ కొన్ని మొదటిసారి వింటోంది.

1944లో ఆవిడకి ఎనిమిదేళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం, ఆ దేశం జర్మన్ల చేతిలో ఉంది. ఆ సెప్టెంబరులో డచ్చి రైల్వే వాళ్ళు జర్మన్ల మీద సమ్మె చేశారు. జర్మన్లు పగపట్టి పశ్చిమాన ఉన్న పట్టణాలకి తిండి రాకుండా ఆపేశారు. ఆ తర్వాత కాలవలు గడ్డకట్టాయి, పడవలూ ఆగిపోయాయి. బొగ్గు లేదు, కరెంటు లేదు. ఆకలి చలికాలం అంటారు దాన్ని. సుమారు 20 వేలమంది పోయారు. ఏం తిన్నారు? చక్కెర దుంపలు. తులిప్ గడ్డలు. మనం ఫొటోల్లో చూసి మురిసిపోతామే, ఆ పువ్వుల గడ్డలు. గడ్డ మధ్యలో పసుపు మొలక ఉంటుంది, అది ఒంటికి పడదు, తీసేసి మిగతాది ఉడకబెట్టాలి. వాళ్ళమ్మ ఆ మొలక తీస్తుంటే తను పక్కన కూర్చుని చూసేవారట. ఇప్పటికీ ఆవిడ ఇంట్లో తులిప్‌లు పెట్టుకోరు.

1945 మొదట్లో స్వీడన్ నుంచి ఓడల్లో పిండి వచ్చింది. ఆ పిండితో రొట్టెలు కాల్చి ఇంటింటికీ ఇచ్చారు. తెల్ల రొట్టె. "రొట్టె కాదు, కేకు అనుకున్నాను. అమ్మ నాకొక ముక్క కోసిచ్చి, మిగతాది ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది" అన్నారు ఓమా.

నేను రెండు రోజుల ముందు లైన్లో నిలబడి తెచ్చుకున్నది తెల్ల రొట్టే కదండీ! 1574 నాటి రొట్టె, 1945 నాటి రొట్టె. చరిత్ర పాఠం అనుకుని చేతిలోకి తీసుకున్నాను. అది ఈ ముసలమ్మ నోట్లో పడ్డ రొట్టె. మనకీ ఉందిగా డొక్కల కరువు, 1832, 33లో, గుంటూరు నుంచి మన బందరు దాకా. ఆ కరువులో మన ముత్తాతలు ఏం తిని బతికారు? మీలో ఎవరికైనా తెలుసా? నాకు తెలియదు. మా అమ్మ గంజి కాచిన గుండిగ ఏమైంది? ఇల్లు మారినప్పుడు పాతసామాన్ల వాడికి నేనే ఇచ్చేశాను. ఆ మ్యూజియంలో గిన్నె ముందు నిలబడ్డప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ గుండిగే.

ఓమా నన్ను అడిగారు, "మీ అమ్మ గంజిలో ఏం వేసేది?" నేను ఉప్పుచేప గురించి చెప్పాను. ఉల్లిపాయ నంజుకునేవాళ్ళని చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. బయల్దేరేటప్పుడు బీరువా తెరిచి, ఆ బిస్కెట్ డబ్బా మళ్ళీ తీసి, నాకు రెండోది ఇచ్చారు. మెట్లు దిగుతుంటే మా కోడలు చెప్పింది, తన జన్మలో ఓమా ఎవరికీ రెండో బిస్కెట్ ఇవ్వగా చూడలేదని.

సరే, టైము అయిపోవచ్చింది. వెనకాల బల్లమీద రెండు స్టీలు గిన్నెలున్నాయి చూడండి. పొద్దున్న వండాను. కిలో క్యారెట్టు, కిలో బంగాళాదుంప, అరకిలోకి కాస్త తక్కువ ఉల్లిపాయ. ఉప్పు, మిరియాల పొడి, వెన్న. తాలింపు వెయ్యలేదు, ఎవరూ అడగొద్దు. పక్కన ఆవకాయ ఉంది. మాంసం లేదు, అందరూ తినొచ్చు. ఎంతమంది వస్తారో నిన్న మన లైబ్రేరియన్ గారిని ఫోన్లో అడిగి, లెక్క వేసుకుని వండాను. పిల్లల్ని ముందు రానివ్వండి. చల్లారితే బాగుండదు, లేవండి.